హంస వెనక గజం నీళ్ళు

మా ఆడపడుచు నాలుగు రోజులుండి పోతానని మా ఇంటికి వచ్చింది. వచ్చి ముప్పయ్యొక్క ఏళ్ళయింది.

వచ్చేటప్పుడు ఒక పెట్టె, ఒక కుట్టుమిషను, దుప్పట్లో చుట్టిన పొడుగాటి కట్ట ఒకటి తెచ్చుకుంది. కట్టలో ఏముందే అని అడిగితే, "ఇంకేముంటుంది వదినా, మీ అన్నయ్యగారి ఆస్తి" అంది. విప్పి చూస్తే నాలుగు గాలం కర్రలు.

ఆ అన్నయ్యగారు, అంటే ఆమె మొగుడు, గడియారాలు బాగుచేసేవాడు. బతికున్నన్నాళ్ళూ పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగడు. పోవడం కూడా టైము చూసుకునే పోయాడు, సరిగ్గా పొద్దున ఆరింటికి. ఆదివారం వస్తే పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెరువులో గాలం వేసేవాడు. చేపలు బెదురుతాయని ఆమెనూ నోరు తెరవనిచ్చేవాడు కాదు. అన్నేళ్ళు మూసుకున్న నోరు మా గుమ్మంలో అడుగుపెట్టగానే తెరుచుకుంది. ఇంతవరకూ మూతపడలేదు. కోడలా, ఈ మాట ఇలాగే రాయి. ఆవిడ చదివి నన్ను తిట్టినా సరే.

ఆ కట్ట ఇరవై ఏళ్ళు నా మంచం కింద ఉండి, రోజూ నా కాలి వేళ్ళకు తగిలేది. "తీసుకెళ్ళి ఎవరికన్నా ఇచ్చేసి రావే తల్లీ" అని పోరు పెడితే ఒక ఆదివారం చెరువుకు మోసుకెళ్ళింది. అక్కడ ఒక మీసాలాయన ఉన్నాడు. రైళ్ళలో టికెట్ కలెక్టరుగా పనిచేసేవాడు. ఎవరిని చూసినా టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని చూసినట్టే చూస్తాడు. ఆయన కర్రలు అందుకుని, "మంచి పని చేశారమ్మా. మీ చేతిలో ఉంటే ఇవి బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు" అన్నాడట. అంతే. మా ఆడపడుచు కర్రలు వెనక్కి లాక్కుని, పక్కన ఖాళీగా ఉన్న చోట కూలబడింది. ఆ కూర్చోవడమే కూర్చోవడం.

ఆమెను చెరువు దగ్గర అందరూ మిషనమ్మ అంటారు. ప్యాంట్లు, గౌన్లు, కర్టెన్లు, బడిపిల్లల చొక్కాలు, ఏదైనా కుడుతుంది. మా వరండాలో సగం ఆమె బల్లే. ఆ బల్ల రెండు గజాల పొడుగు. మీద ఇనుప కత్తెర, సుద్దముక్క, టేపు. కింద కత్తిరింపు ముక్కల గుట్ట. నేను కూర నలుగురికి చేసి బల్ల మీద పెడితే, అందులో ఒక గుండీ వచ్చేది. పళ్ళు ఊడాయంటే ఊడవూ?

ఇక చెరువు సంగతి. ఊరి మధ్యలో ఉంది కాబట్టి ఊరంతా అక్కడే. ఒక గట్టున టీ కొట్టు, తొక్కుడు పడవల రేవు. పడవలన్నీ హంసల్లా తెల్లగా మెడలెత్తుకుని ఉంటాయి. చుట్టూ నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, కుక్కలు తిప్పేవాళ్ళు. అవతలి గట్టు ఎత్తు. అక్కడ నీళ్ళ దాకా దిగాలంటే నలభై మెట్లు. కానీ చెట్ల నీడ, నిశ్శబ్దం. గాలం వేసేవాళ్ళ కోసం చుట్టూ పదిహేను చెక్క పలకలు నీళ్ళ మీదికి కట్టారు, ఒక్కోదానికీ ఒక నంబరు.

అందులో పెరిగేవి బంగారుతీగ చేపలు. పేరుకు తీగ, ఒళ్ళు దిండంత. వాటిని పట్టుకుని, తూకం వేసి, ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారు. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "పొద్దుటి నుంచీ ఎండలో మాడి, పట్టిన చేపకు ముద్దుపెట్టి పంపించి, ఇంటికొచ్చి అన్నంలోకి ఏముంది వదినా అని నన్నడుగుతావా?" అన్నాను.

"నువ్వు సినిమా చూసి తెర ఇంటికి తెచ్చుకుంటావా?" అంది.

మా ఆడపడుచుది ఏడో నంబరు పలక. టీ కొట్టు పక్కనే, పడవల దారికి ఎదురుగా. గోలంతా అక్కడే కాబట్టి అది ఎవరికీ అక్కర్లేదు. మిగతా మగమహారాజులందరూ అవతలి గట్టున చెట్ల కింద కూర్చుని, భుజాలు ఊడేలా చెరువు నడిమధ్యకు విసురుతారు. ఈమె మాత్రం అందరూ అసహ్యించుకునే చోట కూర్చుని చేపలు లాగేది.

"అదెట్లా కుదురుతుందే?" అని ఒకసారి అడిగాను.

"వదినా, సంతలో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే నువ్వెక్కడ నిలబడతావు?"

"ఏదో ఒక మూల, ఎవడి మోచెయ్యీ తగలని చోట."

"చేపకూ అంతే బుద్ధి ఉండదా? నడిమధ్యకు అందరూ విసురుతారు, అది అటు పోదు. మనిషి చెయ్యి అందని మూల ఎక్కడుందో అక్కడ చేరుతుంది."

ఆ మూల ఒక విరిగిన హంస పడవ. తోక ఊడి, మెడ మాత్రం మిగిలి, జమ్ములో కట్టేసి వదిలేశారు. దాని నీడలో చేపలు. అక్కడికి దారం వెయ్యాలంటే పడవల దారి దాటాలి. మామూలువాళ్ళు వేస్తే ఏదో ఒక హంస వచ్చి తెంపుకుపోతుంది. మా ఆడపడుచు ఏం చేసేదంటే, కర్టెన్ల అంచుల్లో వేసే సీసపు బిళ్ళలుంటాయి చూడు, వాటిని దారానికి తగిలించి, దారాన్ని చెరువు అడుగున పడుకోబెట్టేది. పైనుంచి పడవలు పోతుంటే అది కింద హాయిగా ఉండేది. ఇక దూరం. జమ్ములో పడితే చిక్కు, ముందే పడితే దండగ. అందుకని దారం మీద సరిగ్గా హంస దూరానికి ఎర్రదారంతో ఒక ముడి వేసుకుంది. విసిరినప్పుడు ఆ ముడి వేలికి తగలగానే నొక్కి ఆపుతుంది. ఎర వెళ్ళి ప్రతిసారీ అదే చోట పడుతుంది. జేబు కుట్టినట్టు.

పదకొండేళ్ళు అలా సాగింది. ఈలోగా మిషను తొక్కి తొక్కి ఆమె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్టన్నది చూస్తే చాలు మొహం తిప్పేసుకుంటుంది. చెరువు మొత్తంలో మెట్లు లేకుండా నడిచి వెళ్ళగలిగే పలక ఏడోది ఒక్కటే. అది ఉంటేనే ఆమెకు ఆదివారం ఉంది. లేదంటే ఏడు రోజులూ మా వరండాలోనే, నా ఎదురుగానే. నా గోడూ అర్థం చేసుకో కోడలా.

పలకలు ఎవరికి ఏదో ఏటా తేల్చేది, ఏడాదిలో మొదటి ఆదివారం జరిగే పోటీ. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా అందరూ పాత పలకల మీదే కూర్చుంటారు. ఎవరి చేప బరువెక్కువ తూగితే వాళ్ళు ఆ ఏటికి ముందు ఎంచుకుంటారు. ఆ తర్వాత రెండోవాళ్ళు, ఆ తర్వాత మూడోవాళ్ళు. ప్రతి ఏడూ మీసాలాయనే గెలిచేవాడు, ఒకటో నంబరే తీసుకునేవాడు. అది అవతలి గట్టున, నలభై మెట్ల కింద. ఈ మధ్య ఆయన ఎక్కుతూ ప్రతి పది మెట్లకూ ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, చెట్ల మీద పిట్టల్ని చూసేవాడు. ఈ వయసులో పిట్టల పిచ్చి పట్టిందేమిటా అనుకున్నాం.

పోటీకి వారం ముందు ఆయన టీ కొట్లో, నలుగురూ వినేలా అన్నాడు. "ఈసారి గెలిచాక ఏడు తీసుకుందామనుకుంటున్నా."

మా ఆడపడుచు టీ గ్లాసు కింద పెట్టింది. "ఏడా? మీకెందుకండీ ఆ గోలలో?"

"ఏం, ఏడేమన్నా మీ పుట్టింటివాళ్ళు కట్టించారా మిషనమ్మా?"

"లేదు. మీ రైల్లో సీటూ కాదు, మీరొచ్చి లేవమనగానే లేవడానికి."

జనం నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం బల్ల ముందు కూర్చుని ఒకే గుండీని మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. "ఆయన తీసుకుంటే నాకిక చెరువు లేదు వదినా" అంది. అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు. ఆమె తక్కువ మాట్లాడితే నాకు భయమేస్తుంది.

అది చాలదన్నట్టు, శుక్రవారం నాడు పడవలవాడు జమ్ము కోయించి, ఆ విరిగిన హంసను లాక్కుపోయి అవతల తూము గోడ పక్కన కట్టేశాడు. నీడ ఎటు పోతే చేపలూ అటే పోయాయి. పదకొండేళ్ళ ఎర్రముడి ఒక్క పూటలో పనికిరాకుండా పోయింది. కొత్త దూరం కొలవాలి. నీళ్ళ మీద టేపు పరవడం ఎలా?

శనివారం మధ్యాహ్నం వచ్చి, "వదినా, పడవ ఎక్కుదాం పద" అంది.

"నేనా? నాకు బాత్‌రూంలో బక్కెట్టు నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

"నాకు కుడి మోకాలు బొత్తిగా పనిచెయ్యదు. నీకు ఎడమది పనిచెయ్యదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

ఇద్దరు ముసలమ్మలు హంస ఎక్కుతుంటే పడవలవాడు లైఫ్ జాకెట్లు తెచ్చాడు. నా ఒంటికి అది పట్టలేదు. మెడకు దండలా వేసుకుని కూర్చున్నాను. ఏడో పలక మేకుకు తెల్లదారం కొస కట్టి, ఉండ చేతిలో పట్టుకుని విప్పుకుంటూ మా ఆడపడుచు, పక్కన తొక్కుతూ నేను. మేం కుడికి తొక్కితే అది ఎడమకు పోయింది. ఎవరో పెళ్ళికాబోయే జంట ఫొటో దిగుతుంటే వాళ్ళ మధ్యలోంచి వెళ్ళాం. ఆ ఫొటోలో ఇప్పటికీ నా మొహం ఉంటుంది, లైఫ్ జాకెట్టుతో సహా. ఎలాగైతేనేం, విరిగిన హంస దాకా చేరాం. ఆమె పళ్ళతో దారం తెంపింది.

ఆ హంసకూ తూము గోడకూ మధ్య గజం సందు ఉంది. నీళ్ళు అక్కడ నల్లగా, కదలకుండా ఉన్నాయి.

"ఇందులో పడితే?" అన్నాను.

"దీని వెనక ఎవడు వెయ్యగలడు వదినా? హంసకు ఇవతల పడితే అదే పదివేలు."

ఇంటికొచ్చి ఆ తెల్లదారాన్ని బల్ల మీద పరిచి కొలిచింది. బల్ల రెండు గజాలు కదా, ఒక్కో బల్ల పొడుగుకూ సుద్దతో గీత పెట్టి జరుపుకుంటూ ఇరవై రెండు బల్లలు తేల్చింది. ఆ లెక్కన గాలం దారం మీద కొత్త ఎర్రముడి వేసింది. మూడుసార్లు తడిమి చూసుకుని, బట్ట కత్తిరించినంత నమ్మకంగా పడుకుంది.

ఆదివారం ఆరింటికి గుమస్తా ఈల ఊదాడు. ఈ గుమస్తా చెరువు ఆఫీసువాడు. మెడలో ఈల, చంకలో రూళ్ళ పుస్తకం. నేనూ మా ఆయనా పలక వెనక బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆడపడుచు మొక్కజొన్న పిండి ముద్ద గాలానికి గుచ్చి, లేచి, ఒక్క ఊపున విసిరింది. దారం సర్రుమని పోయింది. ఎర్రముడి వేలికి తగిలింది, ఆపింది.

నీళ్ళ చప్పుడు రాలేదు. ఠక్ మంది.

ఎర వెళ్ళి విరిగిన హంస సీటులో పడింది, టికెట్టు కొనుక్కున్నట్టు.

"మిషనమ్మా, హంసలకు పోటీ లేదండీ, చేపలకే" అన్నాడు గుమస్తా. గట్టు మీదున్నవాళ్ళందరూ ఒకటే నవ్వు.

ఆమె మొహం సున్నంలా అయిపోయింది. గాలం పట్టుకుని నిలబడి, నోట్లో లెక్కలు వేసుకుంటోంది. ఈలోగా ఒక పడవ పోయింది, నీళ్ళు ఊగాయి, ఎక్కడో దారం కదిలింది. ఆమె చూసుకోలేదు. హఠాత్తుగా నుదురు కొట్టుకుంది.

"వదినా! కుట్టుకు వదిలాను!"

"ఏం వదిలావు?"

"ప్రతి బల్లకూ రెండు వేళ్ళు కుట్టుకు వదిలి గీత పెట్టాను! చెయ్యి అలవాటున వదిలేసింది!"

నలభై ఏళ్ళుగా బట్ట కొలిచిన ప్రతిసారీ కుట్టు మడతకు రెండు వేళ్ళు ఎక్కువ వదిలిన చెయ్యి అది. నీళ్ళకు మడత ఉండదని దానికెవరు చెప్పాలి? ఇరవై రెండు బల్లలకు రెండేసి వేళ్ళంటే గజానికి కాస్త తక్కువ. సరిగ్గా ఆ గజమే ముందుకు పోయి ఎర హంసెక్కి కూర్చుంది.

దారం లాగేసింది. కొసకు చూస్తే ముద్ద లేదు, ఉత్త గాలం. "సీటు మీద రాలిపోయినట్టుంది" అని పట్టించుకోకుండా, ముడిని గజం వెనక్కి జరిపి మళ్ళీ విసిరింది. ఈసారి హంసకు ఇవతల, ముచ్చటగా, అనుకున్న చోట పడింది.

అనుకున్న చోట చేప లేదు. ఆదివారం కదా, పడవలన్నీ బయటికొచ్చాయి. ప్రతి పడవా ఆ విరిగిన హంస దగ్గరికి పోయి ఫొటో దిగడమే. దాని ముందు నీళ్ళు కవ్వంతో చిలికినట్టున్నాయి. ఏడయింది, ఎనిమిదయింది, తొమ్మిదయింది. పది దాటాక అవతలి గట్టు నుంచి చప్పట్లు వినిపించాయి. గుమస్తా తిరిగొచ్చి, "మీసాలాయన, తొమ్మిది కిలోల నాలుగు వందలు" అన్నాడు.

మా ఆయన లేచి, "పోనీలే చెల్లీ, ఇంట్లో టీవీ ఉందిగా" అన్నాడు. ఆయన ఓదార్పులు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. మా పెళ్ళి రోజున కూడా "ఏం చేస్తాం, అయిపోయిందిగా" అన్నాడు.

ఆమె వినలేదు. హంస వైపే చూస్తోంది. పదకొండున్నర కావస్తుండగా నన్ను అడిగింది. "వదినా, పొద్దున మొదటి ఎర సీటు మీదే రాలిందంటావా?"

"మరి ఎటు పోతుంది?"

"నా పిండి ముద్ద రాలదు. మూడు గుడ్లు కొట్టి ఉడికించాను, రాయిలా ఉంటుంది. అప్పుడొక పడవ పోయింది. హంస ఊగింది. ముద్ద సీటు మీంచి దొర్లి గోడ వైపు పడింది. నేను నుదురు కొట్టుకుంటుంటే దారం కదిలింది, నాకు గుర్తుంది. దాన్ని తిన్నారు వదినా! గోడ సందులో ఉన్నారు అందరూ!"

చేపల్ని ఆమె ఎప్పుడూ గౌరవంగానే అంటుంది. మమ్మల్ని అనదు.

ముడిని మళ్ళీ గజం ముందుకు, ఆ తప్పు కొలత దగ్గరికే జరిపింది. విసిరింది. ఠక్. ఎర హంస సీటు మీద కూర్చుంది. గుమస్తా మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు ఒక పడవ రావాలి, హంస ఊగాలి. తీరా చూస్తే చెరువు మీద ఒక్క పడవ లేదు. పదకొండేళ్ళు ఆమె తిట్టిన పడవలు, ఎండెక్కిందని అన్నీ రేవుకొచ్చి బారుగా నిలబడ్డాయి. అందరూ టీ కొట్టు నీడలో ఉన్నారు.

ఆమె మా వైపు తిరిగింది. చూసిందంతే.

"ఏవండీ, లేవండి. షికారుకు పోదాం" అన్నాను.

"ఈ ఎండలోనా?" అన్నాడు మా ఆయన.

"పెళ్ళయినప్పటి నుంచీ ఒక్కసారన్నా తీసుకెళ్ళారా?"

గుమస్తా రూళ్ళ పుస్తకం తెరిచాడు. "పోటీలో ఉన్నవాళ్ళకు ఎవరూ సాయం చెయ్యకూడదు. గాలం ముట్టుకోకూడదు. ఎరను పడవలో మొయ్యకూడదు."

"మేమెవరం మొయ్యడానికి? నా మొగుణ్ణి మోసుకుపోతున్నా. అది కూడా రాసుందా అందులో?" అన్నాను. వెతికాడు. లేదు.

ఆ లైఫ్ జాకెట్టు మళ్ళీ దండలా వేసుకుని ఎక్కాను. మా ఆయన రెండు మోకాళ్ళూ బాగానే ఉంటాయి, జన్మలో వాటిని వాడింది లేదు కదా. తొక్కాం. తిరుగుళ్ళు తిరుగుతూ విరిగిన హంస ముందు నుంచి పోయాం, మళ్ళీ వచ్చాం, మళ్ళీ పోయాం. మూడోసారి అల పెద్దదొచ్చింది. హంస ఒక పక్కకు ఒరిగింది. పిండి ముద్ద సీటు మీద దొర్లి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, అవతల సందులో బుడుంగున పడింది.

నేను ఇంకా "పడిందే!" అని అరవనే లేదు, గట్టు మీద కర్ర విల్లులా వంగిపోయింది.

గోడ సందులో నీళ్ళు పైకి లేచాయి. దాని వీపు చూశాను. మా బల్ల మీద పరిచిన కర్టెను గుడ్డలా వెడల్పుగా, రాగి రంగులో ఉంది. అది సందులోంచి బయటికి రావాలంటే రెండు దార్లు. తోక వైపు వస్తే తోక ఊడిపోయింది కాబట్టి దారం జారి బయటపడుతుంది. మెడ వైపు వస్తే దారం ఆ మెడకు చుట్టుకుని తెగుతుంది. అది మెడ వైపే తిరిగింది.

"అన్నయ్యా! అన్నయ్యా!" అని గట్టు మీంచి కేక.

మా ఆయన కంగారులో లేచి నిలబడ్డాడు. పడవ ఒరిగింది. ఆయన కాలి చెప్పు ఎగిరి, సరిగ్గా హంస మెడ దగ్గర నీళ్ళలో టప్పున పడింది. చేప బెదిరి వెనక్కి తిరిగి, తోక వైపు నుంచి బయటికి దూకింది. చెప్పు పొరపాటున పడిందని గుమస్తాకు అప్పుడూ చెప్పాం, ఇప్పుడూ చెబుతున్నాం. ఎవరడిగినా అదే చెప్పు కోడలా.

పది నిమిషాలు లాగింది. అది ఇటు వస్తే మేం అటు తొక్కాం, అది అటు పోతే వెనక్కి తొక్కాం. చివరికి చిక్కంలోకి ఎక్కింది. గుమస్తా ఈల నోట్లో పెట్టుకుని పన్నెండు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, ఊదడం మరిచిపోయాడు. టీ కొట్టు దూలానికి తగిలించిన కాటాకు ఎత్తారు. ముల్లు ఊగి ఊగి ఆగింది. తొమ్మిది కిలోల తొమ్మిది వందలు.

మా ఆడపడుచు దాని నుదుటి మీద తడి చెయ్యి పెట్టి, మెల్లగా నీళ్ళలోకి వదిలింది. తర్వాత పలక మీద బాసిపట్లు వేసుకోబోయి, మోకాళ్ళు గుర్తొచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏడ్చింది కూడా. అడిగితే చెమటంటుంది.

మీసాలాయన మెట్లన్నీ ఎక్కి, పిట్టలన్నింటినీ చూసుకుని, పావుగంటకు వచ్చాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు. టికెట్టు లేకుండా ఆయనే దొరికినట్టుంది.

"ఏ పలక కావాలి మిషనమ్మా?" అన్నాడు గుమస్తా, తెలిసీ.

"ఏడు."

"మీకు సార్?"

మీసాలాయన గొంతు సవరించుకున్నాడు. "పాతదే. ఒకటి" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. మా ఆడపడుచు నోరు అయిపోనివ్వదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అవతలి గట్టున అందరూ పైకొచ్చేశారు. మీసాలాయన రాలేదు. గుమస్తా వెళ్ళి చూసొచ్చాడు. "మెట్ల మధ్యలో కూర్చుని పిట్టల్ని చూస్తున్నారు. గంట నుంచీ అక్కడే" అన్నాడు.

మా ఆడపడుచు కళ్ళు చికిలించి అటు చూసింది. "ఆ చెట్ల మీద ఒక్క పిట్ట కూడా లేదే" అంది. ఆమె నెమ్మదిగా లేస్తుంటే, ఇక ఊరంతా వింటుందని నేను అనుకోనే అనుకున్నాను.

రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని చెరువంతా అదిరేలా కేక వేసింది. "ఏవండోయ్ టికెట్ కలెక్టరు గారూ! పిట్టలా, మోకాళ్ళా?"

పడవలు ఆగాయి. నడిచేవాళ్ళు ఆగారు. కుక్కలు కూడా ఆగాయి. అవతలి గట్టు నుంచి సన్నగా వినిపించింది.

"మోకాళ్ళే!"

"ఎన్నాళ్ళ నుంచీ?"

"మూడేళ్ళ నుంచీ!"

"ఆ ముక్క టీ కొట్లోనే చెప్పి చావొచ్చుగా!"

ఇద్దరు చేతులు కుర్చీలా కలిపి ఆయన్ని పైకి మోసుకొచ్చారు. ఆ పై ఆదివారం నేను వెళ్ళేసరికి మా ఆడపడుచు ఏడో పలక మీద వంగి, టేపు పెట్టి, సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీస్తోంది. పక్కన మీసాలాయన కర్రలు పట్టుకుని, అడ్మిషనుకు వచ్చినవాడిలా నిలబడ్డాడు.

గుమస్తా పుస్తకం తీశాడు. "పలకకు ఒక్కరే అని రూలండీ."

"అందుకేగా గీస్తున్నా. ఇటు ఏడు, అటు ఏడున్నర" అంది తలెత్తకుండా.

"నా వైపు చిన్నదిగా ఉందేమో" అన్నాడు మీసాలాయన.

"రెండూ సమానమే. కొలిచాను."

"మీ కొలతలు చెరువంతా చూసిందిలెండి. ఈ మధ్యలో రెండు గీతలెందుకు? ఒకటి చాలదూ?"

"ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు. కుట్టుకు."

ఆయన తన సగంలో కూర్చున్నాడు. సుద్ద నీళ్ళకు చెరిగిపోతుంది కాబట్టి ప్రతి ఆదివారం మళ్ళీ గీస్తుంది, ప్రతి ఆదివారం ఆయన చిన్నదిగా ఉందంటాడు. మధ్యలో ఆ నాలుగు వేళ్ళ జాగాలో సరిగ్గా ఒక టీ గ్లాసు పడుతుంది. ఎవరి గ్లాసు పెట్టాలన్న దాని మీద పోయిన వారం వరకూ పోట్లాట తెగలేదు. మా ఆయన చెప్పు కూడా ఇంకా దొరకలేదు.